తువ్వాలుకు సబ్బు ఎక్కువైంది, నీళ్లు తక్కువయ్యాయి

ప్రశ్న: అక్కా, పుట్టిల్లు బొబ్బిలి. పెళ్లయి రాయగడ వచ్చి తొమ్మిదేళ్లు. ఇంట్లో ఆరుగురం. సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో ఉతికి, ఒకసారి జాడించి, డ్రయ్యర్‌లో తిప్పి ఆరేస్తాను. తువ్వాళ్లు ఆరినప్పుడు బాగానే ఉంటాయి, తడి తగిలిందంటే పుల్లటి వాసన. తెల్ల దుప్పట్లు పచ్చబడిపోయాయి. సబ్బు పొడి పెంచాను, మెత్తదనం కోసం అమ్మే సువాసన ద్రవం పోశాను, చివరికి బ్లీచ్ కూడా వేశాను. బ్లీచ్ తర్వాత దుప్పట్లు ఇంకా పచ్చబడ్డాయి! ఫోనులో ఒక వీడియో చూశాను. వేడినీళ్ల తొట్టెలో వెలిగారం, చాకలి సోడా, సబ్బు పొడి కలిపి, ఉతికిన తువ్వాళ్లనే నానబెడితే నీళ్లు కాఫీ డికాషన్‌లా అయ్యాయి. అప్పటి నుంచి మా పక్క మీద మాకే పడుకోబుద్ధి కావడం లేదు. మా అత్తగారేమో "రేవులో ఆవిరికి పెట్టి ఉబ్బ వేయిస్తే పోయేదానికి ఇన్ని తిప్పలెందుకు" అంటారు. ఇంట్లోవన్నీ అలా నానబెట్టేయనా? అత్తగారి బొంతలు కూడా? అన్నట్టు, మా బోరు నీళ్లు బకెట్లో పట్టి ఉంచితే తెల్లారేసరికి అడుగున ఎర్రటి పొర కనిపిస్తుంది.

జవాబు:

అమ్మా, మీకు ముందు నిద్ర పట్టాలి కాబట్టి ఆ డికాషన్ నీళ్ల సంగతి తేల్చేద్దాం. ఆ నలుపులో పెద్ద వాటా తువ్వాలు రంగుదే కావచ్చు. అద్దకం వేసిన నూలు బట్టను బాగా వేడిగా ఉన్న సోడా నీళ్లలో నాలుగైదు గంటలు ముంచితే రంగు వదలక ఏం చేస్తుంది? దుకాణం నుంచి తెచ్చిన కొత్త ముదురు రంగు తువ్వాలును ఒక్కసారి కూడా వాడకుండా అలా ముంచి చూడండి, నీళ్లు అలాగే తిరుగుతాయి. మిగిలినది ఇన్నాళ్లుగా పేరుకున్న సబ్బు, ఒంటి జిడ్డు, తలనూనె. మురికి అసలే లేదని నేను అనను. కానీ వీడియో తీసేవాళ్లకు నల్లనీళ్లు కావాలి, తేటనీళ్లు చూపిస్తే చూసేవాళ్లు ఉండరు. దానికి మీరు సిగ్గుపడి నిద్ర మానుకోనక్కర్లేదు.

ఇప్పుడు చిన్న పరీక్ష చేయండి. బాగా ఉతికాననుకున్న తువ్వాలు ఒకటి, ఆరినది తీసుకోండి. చేయి పట్టగలిగేంత వేడినీళ్లు అర బకెట్ పోసి, సబ్బు చుక్క కూడా వేయకుండా, అందులో దాన్ని ముంచి ఐదు నిమిషాలు అటూ ఇటూ తిప్పండి. పైన నురగ కట్టిందా? కట్టిందంటే అది మీరు పోయినవారం వేసిన సబ్బు. ఉతకడం అయింది కానీ జాడించడం కాలేదన్నమాట. మీ ఉత్తరంలో "ఒకసారి జాడించి" అన్న ముక్క చదవగానే నాకు ఆ నురగ కళ్లకు కట్టింది.

సెమీ ఆటోమేటిక్ మెషిన్‌లో జాడింపు మన చేతిలో ఉంటుంది. విసుగు పుట్టిన రోజున ఒక నీటితో సరిపెట్టి డ్రయ్యర్‌లోకి తోసేస్తాం. డ్రయ్యర్ నీటిని పిండుతుంది, నూలులో దాగిన సబ్బు చాలావరకు అక్కడే ఉండిపోతుంది. దాని మీద ఒంటి జిడ్డు చేరుతుంది. ఆ పైన మీ సువాసన ద్రవం. దాని పనే పోగు మీద పొరలా పట్టి బట్టను జారుగా ఉంచడం. చీరకైతే బాగానే ఉంటుంది. తువ్వాలుకు అది శత్రువు, ఎందుకంటే పొర పట్టిన తువ్వాలు నీటిని పీల్చదు. మీ తువ్వాలు ఒంటి మీద జారుతోందే కానీ తుడవడం లేదని మీకు ఇప్పటికే అనిపించి ఉండాలి. తువ్వాళ్లకు ఆ ద్రవం ఇవాళ్టితో మానేయండి.

పుల్లటి వాసనకు మరో కారణం కూడా ఉంది. ఉతికి ఆరిన బట్ట మళ్లీ తడవగానే వాసన కొట్టడం వెనుక మొరాక్సెల్లా ఓస్లోయెన్సిస్ అనే సూక్ష్మజీవి ఉందని 2012లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. మామూలు ఉతుకుడుకు తట్టుకుని, ఆరినా చావకుండా బట్టలోనే కాచుకుని ఉంటుంది. పోగులో మిగిలిన జిడ్డే దాని తిండి. సబ్బు పొడి పెంచితే అది పోదు. జిడ్డు పోవాలి, వేడి తగలాలి, బట్ట త్వరగా ఆరాలి.

ఆరడం అన్నాను కాబట్టి ఒక మాట. మీ ఒడియా పొరుగింటి దండెం మీద వేలాడే గాముఛాను, అదే తుండుగుడ్డను, ఎప్పుడైనా వాసన చూశారా? రోజూ వాడతారు, వానాకాలంలో కూడా వాడతారు, దానికి ఈ రోగం రాదు. అది పల్చటి నేత. ఫ్యాన్ గాలికి కూడా చూస్తుండగానే ఆరిపోతుంది. మనం ముచ్చటపడి కొన్న బొద్దు తువ్వాలు రాయగడ శ్రావణంలో రెండు రోజులైనా లోపల చెమ్మగానే ఉంటుంది. వానలు పడే నాలుగు నెలలూ బొద్దు తువ్వాళ్లను అటక ఎక్కించి ఇంటిల్లిపాదికీ గాముఛాలు ఇవ్వడం నా పద్ధతి. మొదట్లో మా ఇంట్లో మొహం చిట్లించారు, ఇప్పుడు ఎవరూ మాట్లాడటం లేదు.

ఇక పచ్చబడిన దుప్పట్లు. మీరు ఉత్తరం చివర్లో "అన్నట్టు" అని తేలిగ్గా రాసిన ఎర్రపొరే అసలు దొంగ. అది ఇనుము. బోరు నుంచి వచ్చేటప్పుడు నీటిలో కరిగి ఉంటుంది కాబట్టి నీళ్లు తేటగానే కనిపిస్తాయి. గాలి తగిలాక తుప్పుగా మారి అడుక్కు దిగుతుంది. మీరు బకెట్లో చూసినదే మెషిన్‌లో మీ దుప్పటి మీదా జరుగుతోంది. బ్లీచ్ ఆ పనిని క్షణాల్లో చేస్తుంది. నీటిలోని ఇనుమును అక్కడికక్కడే తుప్పుగా మార్చి పోగులకు పట్టిస్తుంది. అందుకే బ్లీచ్ వేసిన తర్వాత ఇంకా పచ్చబడ్డాయి. సోడా కూడా అంతే, ఎర్రనీళ్లలో వేస్తే ఇనుమంతా విడిపోయి బట్ట మీద కూర్చుంటుంది. అంటే ఆ వీడియో చూసి, మీ బోరు నీళ్లతో, మీ తెల్ల దుప్పట్లకు ఆ వైద్యం చేసి ఉంటే మరుసటి వారం నాకు ఇంకా పెద్ద ఉత్తరం వచ్చి ఉండేది.

కాబట్టి ముందు నీళ్లు. మున్సిపాలిటీ కుళాయి వస్తే ఆ నీళ్లు వాడండి. లేదంటే పెద్ద డ్రమ్ములో బోరు నీళ్లు ఎత్తు నుంచి పడేలా పట్టండి, గాలి బాగా కలుస్తుంది. ఒక రాత్రి, వీలైతే ఒకటిన్నర రోజు కదపకుండా ఉంచి, పైన తేరిన నీటిని చెంబుతో తోడుకోండి. అడుగున జానెడు నీళ్లు వదిలేయండి, మొక్కలకు పోయవచ్చు. వాననీళ్లు దొరికితే అంతకు మించినది లేదు. ఇనుమూ ఉండదు, సున్నమూ ఉండదు, కొంచెం సబ్బుకే నురగ పొంగుతుంది. వాననీళ్లు ఉన్నప్పుడు ఎండ ఉండదు, ఎండ ఉన్నప్పుడు వాననీళ్లు ఉండవు, అదొక్కటే చిక్కు.

దుప్పట్లకు పట్టిన తుప్పు పోవాలంటే పులుపు కావాలి. కిరాణా దుకాణంలో నిమ్మ ఉప్పు అని అడిగితే ఇస్తారు. అర బకెట్ వేడినీళ్లలో రెండు పెద్ద చెంచాలు కరిగించి, దుప్పటి మునిగేలా ఒక గంట ఉంచండి. అక్కడక్కడా చుక్కల్లా ఉన్న తుప్పు మరకల మీద నిమ్మచెక్క, ఉప్పు వేసి రుద్ది ఎండలో పెట్టండి, ఎండిపోతే మళ్లీ నిమ్మరసం పిండండి. తర్వాత రెండుసార్లు జాడించండి. ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెబుతాను: నిమ్మ ఉప్పు, వెనిగర్, మరుగుదొడ్డి కడిగే ఆమ్లం, వీటిలో ఏదీ బ్లీచ్‌తో కలవకూడదు. కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, తలుపులు మూసిన స్నానాల గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది. మీ దుప్పట్లలో బ్లీచ్ వాసన ఇంకా ఉంటే ముందు మామూలు నీళ్లతో బాగా జాడించాకే పులుపు జోలికి వెళ్లండి. అసలు మీ ఇంట్లో ఈ నీళ్లు ఉన్నంతకాలం బ్లీచ్ సీసా కొనకండి.

ఇప్పుడు సోడా వైద్యం. చేయవచ్చు, కానీ ఆ వీడియోలో చేసినంత కాదు. వెలిగారం తీసేయండి. అది కంసాలులు బంగారం అతకడానికి వాడే వస్తువు, చిన్నపిల్లలున్న ఇంట్లో తొట్టెలకొద్దీ కలిపి ఉంచడం నాకిష్టం లేదు. అది లేకపోయినా పని జరుగుతుంది. సోడా కొనేటప్పుడు మాత్రం చాకలి సోడా అని చెప్పి కొనండి. గారెల్లో వేసే తినే సోడా మెతకది, జిడ్డును కదిలించే ఘాటు దానికి లేదు.

ఇరవై లీటర్లకు మించి పట్టే ప్లాస్టిక్ బకెట్‌లో పది లీటర్ల తేరిన నీళ్లు పోసి, అందులో మరో పది లీటర్లు మరిగే నీళ్లు జాగ్రత్తగా కలపండి. అప్పుడు వేడి సుమారు 60 డిగ్రీలు ఉంటుంది. మన పనికి అంతే కావాలి, దుప్పట్లలో ఉండే ధూళి పురుగులు కూడా ఆ వేడికి చస్తాయి. అందులో చాకలి సోడా రెండు పెద్ద చెంచాలు, సబ్బు పొడి ఒక పెద్ద చెంచా పూర్తిగా కరిగించండి. అల్యూమినియం గిన్నెలు వాడకండి, సోడా వాటిని తినేస్తుంది. చేతులకు రబ్బరు తొడుగులు వేసుకోండి. బకెట్‌కు నాలుగు తువ్వాళ్లు, లేదా ఒక దుప్పటి, రెండు దిండు గలీబులు, అంతకు మించి కుక్కవద్దు. అరగంటకోసారి కర్రతో పొడిచి తిప్పుతూ, నీళ్లు చల్లారేదాకా, అంటే మూడు నాలుగు గంటలు ఉంచండి. రాత్రంతా వదిలేస్తే వదిలిన జిడ్డు మళ్లీ బట్టకే చేరుతుంది.

తర్వాతది అసలు పని, జాడింపు. ఈసారి సబ్బు వేయకుండా, కనీసం మూడు నీళ్లు. నీళ్లు తేటపడ్డాయా అని చూస్తే చాలదు, బట్టను రెండు వేళ్ల మధ్య రాయండి. జారుతుంటే సోడా ఇంకా ఉంది, గరగరలాడితే పోయింది. చివరి నీటిలో అర కప్పు తెల్ల వెనిగర్ వేస్తే మిగిలిన సోడా విరిగిపోతుంది. ఆ వెనిగర్‌ను ముందే సోడా నీళ్లలో పోసేయమని చెప్పేవాళ్లూ ఉన్నారు. రెండూ కలిస్తే బుసబుస పొంగుతుంది, చూడటానికి బాగుంటుంది, ఆ పొంగులో రెండింటి బలమూ పోయి ఉప్పునీళ్లు మిగులుతాయి.

గలీబుల గురించి వేరుగా చెప్పాలి. తెల్లారి వాటి మధ్యలో కనిపించే గుండ్రటి పచ్చ మరక కొబ్బరినూనెది. నానబెట్టే ముందు దాని మీద తడి సోడా పేస్టులా రాసి పావుగంట ఆగండి. ఎక్కడైనా పసుపు మరక ఉంటే సోడా తగలగానే కుంకుమలా ఎర్రబడుతుంది, కంగారు పడకండి, పసుపు గుణమే అది. జాడించి రెండు మూడు రోజులు ఎండలో వేస్తే వెలిసిపోతుంది. నీలిమందు వేసేదేదైనా ఉంటే ఇదంతా అయ్యాకే. నీలి పచ్చదనాన్ని కప్పుతుందే కానీ తీయదు.

ఇదంతా తువ్వాళ్లకు, దుప్పట్లకు, గలీబులకు, అవి కూడా నూలువైతే, ఏడాదికి రెండు మూడుసార్లు. నెలకోసారి చేస్తే పోగు చచ్చి దుప్పటి జల్లెడవుతుంది. పట్టుకు, ఉన్నికి సోడా అసలు తగలకూడదు. బరంపురం పట్టుచీరను సోడాలో ముంచడమంటే దాన్ని చంపుకోవడమే, అది పురుగు కట్టిన గూటి దారం, ఘాటుకు కరుగుతుంది. కోట్‌పాడ్ నేతలు మీ ఇంట్లో ఉంటే వాటినీ వదిలేయండి. ఆల్ చెట్టు వేరుతో వేసిన ఆ ఎర్రరంగుకు కుంకుడుకాయ రసమే చాలు. రంగు దుప్పట్లు దేనికైనా ముందు ఒక మూల తడిపి తెల్లగుడ్డతో రుద్ది చూడండి. గుడ్డకు రంగు అంటితే అది విడిగా, చన్నీళ్లలోనే.

ఈ మాట అనుభవం మీద చెబుతున్నాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు పర్లాకిమిడిలో మా ఇంటి వెనుక గదిలోకి బురదనీళ్లు వచ్చాయి. పక్కబట్టలన్నీ బురద. ఆరనిచ్చి, దులిపి, చన్నీళ్లతో కడగాలని తెలిసి కూడా, కరెంటు వచ్చిన రోజున ఆత్రం ఆపుకోలేక అన్నిటినీ ఒకే గంగాళంలో మరిగే సోడా నీళ్లలో వేశాను. అడుగున ఒక ఎర్ర గాముఛా ఉందని చూసుకోలేదు. ఆరు తెల్ల దుప్పట్లు గులాబీరంగులో తేలాయి. అందులో రెండు ఇప్పటికీ మా ఇంట్లో ఉన్నాయి, చుట్టాలు వస్తే తీయను.

మీ అత్తగారి ఉబ్బ దగ్గరికి వస్తాను. ఆవిడ మాట కొట్టిపారేయకండి. నా చిన్నప్పుడు మహేంద్రతనయ నది రేవులో మా వీధి బట్టలు ఉతికే ఆమెను నేను పెద్దమ్మా అని పిలిచేదాన్ని. సాయంత్రం ఆమె బట్టలను చౌడు మట్టి కలిపిన నీళ్లలో ముంచి, పిండి, నీళ్లు మరుగుతున్న పెద్ద బాన మూతి చుట్టూ ఒకదాని మీద ఒకటి గోపురంలా పేర్చేది. కింద సన్నని మంట. రాత్రంతా ఆవిరి ఆ బట్టల మధ్య నుంచి పైకి పోతూ ఉండేది. తెల్లవారుజామున ఆ పొగమంచులో ఉబ్బ విప్పితే వచ్చే వాసన, ఉడికిన మట్టిదీ కాదు, సబ్బుదీ కాదు, ఇప్పటికీ నాకు గుర్తుంది. తర్వాత రేవురాయి మీద బాదడం, పారే నీళ్లలో జాడించడం. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి మూలన నల్లజీడి గింజ రసంతో పెట్టిన గుర్తు మాత్రం ఎన్ని ఉబ్బలు పడ్డా చెరిగేది కాదు.

చూశారా, ఆ చౌడుకు ఉతికే గుణం ఇచ్చేది అందులో ఉన్న సోడియం కార్బనేటే, అదే మీ చాకలి సోడా. వేడి ఉంది, సోడా ఉంది, నానే సమయం ఉంది. ఫోనులో చూపించినది మీ అత్తగారి ఉబ్బే, పేరు మార్చుకుని వచ్చింది. వీడియోలో లేనిది, పెద్దమ్మ దగ్గర ఉన్నది పారే నీరు. ఎంత సోడా వేసినా, నది దాన్ని పూర్తిగా తీసుకుపోయేది. మీ స్నానాల గదిలో నది లేదు కాబట్టే మూడు నీళ్లు అంటున్నాను. కాబట్టి మీ ఇద్దరిలో ఎవరిది సరి అంటే, ఆవిడదే. కాకపోతే ఇప్పుడు ఉబ్బ వేసేవాళ్లు రాయగడలోనైనా బొబ్బిలిలోనైనా దొరకడం కష్టం, ఆ మాట ఆవిడకు మీరే మెల్లగా చెప్పుకోవాలి.

బొంతలు మాత్రం నానబెట్టకండి. పాత చీరలు మడిచి కుట్టిన బొంతలో ఏ పొరలో ఏ రంగుందో కుట్టిన ఆవిడకే గుర్తుండదు. నీళ్లు పీల్చాక దాని బరువుకు కుట్టు తెగుతుంది. చన్నీళ్లలో కుంకుడు రసంతో కాళ్లతో తొక్కి, ఇద్దరు పట్టుకుని పిండకుండా నీళ్లు ఓడ్చి, నవారు మంచం మీద పరిచి రెండు వైపులా ఎండపెట్టండి. లోపల దూది ఉన్న రజాయి అయితే ఉతకనే కూడదు, దూది ముద్దలు కడుతుంది. విప్పించి ఏకించాలి. బూరుగుదూది దిండ్లకు ఎండ చాలు.

ఎప్పుడు చేయాలంటే, ఒడియావాళ్ల రజ పండుగకు ముందు ఒకసారి. జూన్ మధ్యలో ఆ మూడు రోజులు దాటాయంటే ఇక ఎండను నమ్ముకోలేం. దసరా వెళ్లాక, మార్గశిర లక్ష్మివారాలు మొదలయ్యే లోపు ఇంకోసారి. మీ ఒడియా పొరుగువాళ్లు కూడా మానబసా అనే ఆ లక్ష్మీపూజ గురువారాలకు ముందు ఇల్లంతా కడుగుతారు కదా, ఆ వారం ఎవరి దండెం మీద చూసినా దుప్పట్లే ఉంటాయి, మీవి కూడా కలుస్తాయి. రోజువారీ ఉతుకుడులో పొడి ఇప్పుడు వేసేదానిలో సగానికి తగ్గించి, జాడింపు ఒకటి పెంచండి. మెషిన్ తొట్టెను కూడా సోడా వేసిన వేడినీళ్లతో ఖాళీగా ఒకసారి తిప్పండి, లేకపోతే పాత జిడ్డు మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. ఎంత వేడి పోయవచ్చో మెషిన్‌తో వచ్చిన పుస్తకంలో చూసుకోండి, ప్లాస్టిక్ తొట్టెలన్నీ మరిగే నీటికి ఆగవు.

ముందు ఆ తువ్వాలు పరీక్ష చేసి నురగ వచ్చిందో లేదో రాయండి. తెల్ల దుప్పట్లు ముంచేటప్పుడు బకెట్ అడుగున ఒకసారి చేయి పెట్టి వెతకండి, ఎర్ర గాముఛా ఉందేమో.